సంచిలో కొత్త కవచం

టీవీలో ఆడే ఆటలో ఉండే ఆ కమ్మరి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. కత్తి చేతికిస్తే మూడుసార్లు బాగానే పదును పెట్టి ఇచ్చాడు. నాలుగోసారి ఇవ్వబోతే, ఈసారి విరిగినా విరగవచ్చు అని తెర మీద అక్షరాలు పడ్డాయి. విరిగితే కత్తీ పోతుంది, మనం మోసుకొచ్చి ఇచ్చిన ఇనుమూ పోతుంది, ఆయనకేమీ సంబంధం లేదట. మా సందు చివర కొడవళ్లు సాన పట్టే మనిషి అలా అని ఉంటే మళ్లీ ఆయన దగ్గరికి ఎవరు పోయేవాళ్లు? బొమ్మే కదా అని ఊరుకోలేకపోయాను. "పని రాకుంటే కొలిమి ఎందుకు పెట్టుకున్నావప్పా?" అని టీవీతోనే అన్నాను.

ఈ వయసులో నాకు కత్తితో ఏం పనిపడిందో చెప్పాలి. బట్టలుతికే బండ దగ్గర కాలు జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. సిమెంటు కట్టు విప్పిన రోజు చూసుకుంటే ఆ చెయ్యి నాదిలా లేదు. వేళ్లు ఎండిన చిక్కుడుకాయల్లా బిగుసుకుపోయి, సగం వంగి ఆగిపోతున్నాయి. ఆస్పత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి ఒక స్పాంజి బంతి ఇచ్చింది. పొద్దున, సాయంత్రం దాన్ని పిసకాలి, గోరువెచ్చని నీళ్లలో చెయ్యి పెట్టి వేళ్లు వంచాలి. నొప్పి పుడుతుంది కాబట్టి, డాక్టరు రాసిన మాత్ర తిన్నాక వేసుకుని, కాసేపు ఆగి మొదలుపెట్టమంది. అన్నిటికీ తల ఊపి వచ్చాను.

మాది బంగారు గనివాళ్లకు వరసగా కట్టిన లైను ఇల్లు. మా ఆయన భూమి లోపల డ్రిల్లు పట్టిన మనిషి. గనులు మూసేశాక ఎంతో కాలం లేడు. కొడుకు రాయల్పాడు దగ్గర అత్తవారి మామిడితోట చూసుకుంటూ అక్కడే ఉండిపోయాడు. వాడి పెద్ద కూతురు నా దగ్గర ఉంటుంది. నరసాపురంలో బండ్లు తయారుచేసే కంపెనీలో దానికి పని. కంపెనీ బస్సు మా మలుపు దాకా వస్తుంది. దానికి వండి, డబ్బా కట్టి పంపడం నా పనిగా ఉండేది. చెయ్యి విరిగాక వంటా అదే, డబ్బా అదే, నా తలకు నూనె రాయడం కూడా అదే.

కొడుకు ఫోను చేశాడు. "అమ్మా, చెయ్యి రాకుంటే ఇంగ ఈడికే వచ్చేయి. సుమ్మనే ఊరికే ఆడ ఒక్కతివీ ఎందుకు?"

"ఒక్కదాన్నేంది? నీ కూతురు లేదా?"

"అది హాస్టలుకు పోతాది లే. కంపెనీ దగ్గరే ఏదో ఉండాదంట."

మా కోడలు మంచిదే. కానీ నూనె డబ్బా వంచితే మళ్లీ నిలబెట్టడం ఆమెకు తెలియదు. ఆ వంటింట్లో ఒక మూల కూర్చుని అది చూస్తూ బతకడం నా వల్ల కాదు. నేను సంగటి కెలికే తెడ్డు పట్టుకోగలిగితే ఈ ఇల్లు నాది, ఈ పొయ్యి నాది. పట్టుకోలేకపోతే రాయల్పాడు. ఆ సంగతి నాకూ తెలుసు, పిల్లకూ తెలుసు. ఇద్దరం పైకి అనుకోలేదు, అంతే.

స్పాంజి బంతి నాకు నచ్చలేదు. ఏమీ తయారుకాని పని నేను ఎన్నడూ చేయలేదు. నాలుగుసార్లు పిసికి పక్కన పెట్టేదాన్ని. అది చూసి మనవరాలు ఒక సాయంత్రం సంచిలో ఒక నల్లపెట్టె తెచ్చి టీవీకి తగిలించింది. కంపెనీలో దానితో పనిచేసే పిల్లాడెవరో సొంతూరికి వెళ్లిపోతూ అమ్మేశాడట.

"ఎంత పెట్టినావు?"

"చెప్పను. చెప్తే నువ్వు ఆడవు."

రెండు చేతులతో పట్టుకునే రిమోటు ఒకటి నా ఒళ్లో పెట్టింది. "ఇదో, కుడిచేతి చూపుడువేలు కింద ఇది నొక్కితే ఈయప్ప కత్తి తిప్పుతాడు. గట్టిగా నొక్కితే గట్టిగా కొడతాడు. బంతి పిసికేదానికన్నా మేలు కదా అవ్వా?"

తెరమీద జుట్టు పెంచుకున్న ఒక యువకుడు, చిరిగిన చొక్కా, చేతిలో తుప్పు పట్టిన కత్తి. అడవిలో తిరగాలి. దారిలో ఆకులు, వేర్లు ఏరుకోవాలి. రాయి కనిపిస్తే కొట్టి ఇనుము తీయాలి. గని మీద బతికిన ఇంటిదాన్ని, ఒక్క దెబ్బకు రాతిలోంచి శుద్ధమైన లోహం ఊడిపడుతుంటే నాకు నవ్వు వచ్చింది. ఆ లెక్కన అయితే ఊరి చుట్టూ, బంగారం తీశాక పారబోసిన ఆ సైనైడు మట్టి దిబ్బలు ఎందుకు మిగిలాయి?

అయినా ఏరుకోవడం నాకు నచ్చింది. ఖర్చు లేని పని. ఆకులు తెచ్చి కుండలో వేస్తే ఎర్రటి మందు సీసా తయారవుతుంది. దెబ్బ తగిలినప్పుడు తాగితే ప్రాణం గీత మళ్లీ నిండుతుందట. పిల్ల డ్యూటీకి పోయాక కూర్చుని సీసాలు చేశాను. పెట్టెలు తెరిస్తే కవచాలు దొరికాయి. ఒకటి తోలుది, ఒకటి ఇనుప గొలుసులది, ఇంకొకటి నిగనిగలాడే వెండి రంగుది. అన్నీ సంచిలో భద్రంగా వేశాను.

కష్టమంతా కొట్లాటలో. గుహ దగ్గర రాతి ఒళ్లున్న ఒక రాక్షసుడు అడ్డంగా నిలబడి ఉంటాడు. వాణ్ని దాటితేగాని ముందుకు పోలేం. వేలితో నొక్కబోతే మణికట్టు నుంచి మోచేతి దాకా మంట లేచేది. సగం దెబ్బలో వేలు వదిలేసేది. కత్తి గాలిలో తిరిగి ఊరికే కిందికి దిగేది. వాడు ఒక్కటి గుద్దితే మావాడు వెల్లకిలా పడేవాడు. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ అదే గుద్దు. రిమోటును గోడకేసి కొట్టాలనిపించేది. అది కూడా ఎడమచేత్తోనే కొట్టాలి కదా అని ఇంకా కోపం వచ్చేది.

ఆస్పత్రిలో కూడా అంతే. వ్యాయామం చేయించే అమ్మాయి నా వేళ్లు పట్టుకుని వంచి చూసి, "రోజూ చేస్తున్నారా అమ్మా?" అని అడిగింది. చేస్తున్నానన్నాను. "ఇప్పటికి పిడికిలి రావాలే" అని తనలో తాను అనుకుంది. తర్వాత మనవరాలి వైపు తిరిగి, ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే చెయ్యి ఇలాగే నిలిచిపోతుందని చెప్పింది. ఆ మాట నాతో చెప్పకుండా దానితో చెప్పడం నాకు నచ్చలేదు.

ఒక ఆదివారం మనవరాలికి సెలవు. నా పక్కన కూర్చుని ఆట చూసింది. కాసేపటికి రిమోటు లాక్కుని సంచి తెరిచింది.

"అవ్వా! సంచిలో మూడు కవచాలు ఉండాయి కదా! ఈయప్పకి ఇంగా ఈ చిరిగిన చొక్కానేనా?"

"అవి కొత్తవి. ఉండనీ."

"ఎందుకు ఉండనీ?"

"మంచి రోజుకి."

"ఈయప్పకి మంచి రోజేందవ్వా? పెండ్లి ఏమన్నా పెట్టుకున్నావా?"

"వేసుకుంటే చెడిపోతాది. ఆ రాతోడు గుద్దితే సొట్ట పడదా?"

"సొట్ట పడేదానికే కదా కవచం! లేకుంటే ఈయప్పకి పడతాది." మళ్లీ సంచిలోకి చూసింది. "అయ్యో దేవుడా. ఇన్ని ఎర్ర సీసాలా! ఒకటన్నా తాగించినావా?"

"పెద్ద దెబ్బ తగిలినప్పుడు తాగిద్దామని పెట్టినా."

"తగిలినప్పుడే కదా చస్తాండాడు! నిండు సంచి పెట్టుకొని చస్తాండాడవ్వా వీడు."

"చిన్న దెబ్బకంతా మందు పోస్తే రేపు యాడినుంచి తేవాల?"

అప్పుడే పక్కింటామె చర్చి నుంచి వస్తూ మా గడపలో నిలబడింది. ఆమె భర్త కూడా గనిలోనే చేశాడు. మా రెండిళ్ల మధ్య గోడ ఒకటే కాబట్టి ఆమెకు తెలియని మాట మా ఇంట్లో లేదు. సంగతి విని కడుపుబ్బ నవ్వింది.

"పాపా, మీ అవ్వని అడిగి ప్రయోజనం లేదు. ఆ బూట్లు చూడు" అని కాలితో తలుపు మూలకు చూపించింది.

మా తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టిన బూట్లు అవి. ముందర ఇనుప టోపీ ఉన్న గని బూట్లు. కంపెనీ కొత్తవి ఇచ్చినప్పుడు, పాతవి ఇంకా వస్తాయి, వీటిని దాచు అన్నాడు మా ఆయన. దాచాను. గుడ్డలో చుట్టి ట్రంకులో పెట్టాను. పాతవాటికి అట్ట కోసి లోపల పరుచుకుని దిగేవాడు. గని మూతపడింది. తీసి చూస్తే తోలు చెక్కలా గట్టిపడి ఉంది. కాలు దూర్చబోయాడు, పోలేదు. ఇంకోసారి ప్రయత్నించి, తలుపు పక్కన పెట్టాడు. ఆ రోజు నుంచి అక్కడే ఉన్నాయి. ఇన్నేళ్లు వాటిని తోసుకుంటూ తలుపు తీస్తున్నాను, వేస్తున్నాను.

నవ్వుతారనుకున్నాను. మనవరాలు నవ్వలేదు. బూట్ల వైపు చూసింది, నా చేతి వైపు చూసింది. లేచి వంటింట్లోకి పోయింది. డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడు వినిపించింది. నేను లేచేలోపు బిస్కెట్ల రేకు డబ్బా పట్టుకుని వచ్చింది. అందులో నా మాత్రల షీట్లు ఉన్నాయి. ఒక షీటులో మాత్రమే రెండు గుంటలు ఖాళీ.

"ఇవేంది అవ్వా?"

"మాత్రలు."

"మాత్రలని నాకూ తెలుసు. ఇట్లే ఉండాయేంది?"

"నొప్పి పెద్దదైనప్పుడు వేసుకుందామని పెట్టినా. ఓర్చుకొనేటంత నొప్పికి మందెందుకు?"

పక్కింటామె మళ్లీ నవ్వబోయి ఆగిపోయింది. వంట చేసుకోవాలని చెప్పి వెళ్లిపోయింది.

"ఓర్చుకొని వ్యాయామం చేసినావా మల్ల?"

డబ్బా ఇటివ్వమని ఎడమచెయ్యి చాపాను.

"చేసుండవు. నొప్పి అని నాలుగు తూర్లు వంచి వదిలేసి ఉంటావు. ఆ ఆస్పత్రి అమ్మాయి ఆడ తలకాయ కొట్టుకుంటాంది, ఎందుకు వస్తాలేదు ఎందుకు వస్తాలేదని. నేను బస్సులో పోతా అదే అనుకుంటా ఉండా. నువ్వు ఇంట్లో డబ్బాలో దాచిపెట్టుకొని కూచున్నావు!" "రాయల్పాడుకు పోతే నీకు మా నాయనుండాడు, అమ్మ ఉండాది. నేను యాడుండాల? హాస్టల్లో ఆ నీళ్ల చారు తాగి పడుండాలనా?"

"నోరు మూసుకో. నా చెయ్యి గురించి నాకు చెప్పేంత పెద్దదానివి అయిపోయినావా?"

"అయిపోయినా" అంది. రిమోటు నా పక్కన పెట్టి, తినకుండా పోయి పడుకుంది.

నాకు ఒళ్లు మండింది. దాచడం తప్పని నేను ఇప్పటికీ ఒప్పుకోను. దాచకపోతే గని మూసిన తర్వాత ఈ ఇల్లు ఎలా నిలబడేది? ఆ మాట ఎవరితో చెప్పాలో తెలియక, కోపంతోనే రిమోటు అందుకున్నాను. ఏమవుతుందో చూద్దామని సంచిలోంచి తోలు కవచం తీసి మావాడికి తొడిగాను. వెండి రంగుది మాత్రం ముట్టలేదు. గుహ దగ్గరికి పంపాను. రాతివాడు గుద్దాడు. ఈసారి మావాడు పడలేదు. ప్రాణం గీత కొంచెం తగ్గింది, అంతే. ఎర్ర సీసా నొక్కాను. సీసాల్లో ఒకటి పోయింది. నా కడుపులో నుంచి ఎవరో తీసుకున్నట్టే అనిపించింది. కానీ గీత నిండింది. మావాడు ఇంకో నాలుగు దెబ్బలు కొట్టాడు. తర్వాత నా వేలు మొరాయించింది, వాడు చచ్చాడు. అదివరకటి కన్నా చాలాసేపు నిలబడి చచ్చాడు.

టీవీ ఆపి, పొద్దున మిగిలిన సంగటి మజ్జిగలో కలుపుకుని ఎడమచేత్తో తిన్నాను. డబ్బా తెరిచి ఒక మాత్ర వేసుకున్నాను. కాసేపాగి నీళ్లు కాచుకుని చెయ్యి ముంచాను. వేళ్లు వంచితే నొప్పి ఉంది, మంట లేదు. రోజూ ఆగే చోటు దాటి కొంచెం ముందుకు పోయాయి. సంతోషం వేయలేదు. ఇంత సులువైన పనిని ఇన్నాళ్లు పోగొట్టుకున్నానని చిరాకు పుట్టింది. మనవరాలి గది తలుపు ఓరగా ఉంది. అది చూస్తోందని తెలుసు. నేను అటు తిరగలేదు.

ఆ తర్వాత మాత్రల షీట్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. చెయ్యి వచ్చింది, కానీ పూర్తిగా రాలేదు. నాలుగు వేళ్లు మూసుకుంటాయి. చిటికెన వేలు మాత్రం వేరుగా నిక్కి నిలబడుతుంది. అది ఇంతే ఉండవచ్చు అంది ఆస్పత్రి అమ్మాయి. ముందు నుంచే మాత్రలు వేసుకుని ఉంటే వచ్చేదా అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మొన్న ఎసరు పెట్టి రాగిపిండి పోసి, కుండను కాళ్ల మధ్య పెట్టుకుని, రెండు చేతులా తెడ్డు పట్టుకుని సంగటి కెలికాను. మధ్యలో రెండుసార్లు తెడ్డు జారింది. తిట్టుకుంటూ మళ్లీ పట్టుకున్నాను. మనవరాలు బ్యాగు భుజాన వేసుకుని నిలబడి, బస్సుకు టైమవుతున్నా కదలకుండా చూసింది. సాయం చేయబోతే చేత్తోనే వారించాను. ముద్ద చేసి పళ్లెంలో వేసి దాని ముందు పెట్టాను.

ఒక ముక్క తుంచి గొజ్జులో ముంచి నోట్లో పెట్టుకుంది. "గడ్డలుండాయి అవ్వా."

"ఉంటే ఉండనీ. తిను."

తింది. వేలు నాక్కుంటూ, "నాయనకి ఫోను చేసి చెప్పేదా, నువ్వు రావని?" అని అడిగింది.

"వాడికి నేనే చెప్తా. నువ్వు బేగ పో, బస్సు పోతాది."

చెప్పులు వేసుకుంటూ టీవీ వైపు చూసి నవ్వింది. "ఇంగ ఆ వెండిది కూడా వేసెయ్ ఈయప్పకి. కత్తి నాలుగోసారి కమ్మరికియ్యి. ఆ రాతోడు ఒక దినంలో పడతాడు."

"ముందు ఈ తోలుది చిరగనీ" అన్నాను.