దీపం ముందు పలకని పేరు

ఒక మనిషి పేరు ఏళ్ళుగా నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. ఇవాళ మీ ముందు పెడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదేమో. తెలిసినవాళ్ళ ముందైతే మళ్ళీ ఏదో ఒక వంక వెతుక్కుంటాను. అందులో నాకు బాగా చేయి తిరిగింది.

ముందు దీపం సంగతి చెప్పాలి. చిన్నప్పుడు నాకు కీళ్ళ జ్వరం వచ్చి గుండె బలహీనపడింది. డాక్టరు వద్దన్నాడని కరీంనగర్‌లో అమ్మ నన్ను బడికి పంపలేదు. చదువంతా ఆమె దగ్గరే. వంటింటి గట్టు పక్కన పీట వేసుకుని భిన్నాలు, త్రికోణమితి, రామాయణం అన్నీ అక్కడే నేర్చుకున్నాను. ఆమె నేర్పిన ఒక పద్ధతి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. సాయంత్రం దీపం పెట్టాక, దేవుణ్ణి ఏదైనా అడగకముందు, ఆ రోజు నీకు మేలు చేసినవాళ్ళ పేర్లు చెప్పుకోవాలి. మనసులో అనుకుంటే చాలదు, నోటితో అనాలి. పేరు తెలియకపోతే ‘ఆ బస్సు డ్రైవరు’ అన్నా సరే. “పేరు మింగితే మేలు మింగినట్టే బిడ్డా” అనేది అమ్మ.

పెళ్ళయి ఇంగ్లండ్‌లో ఈ లీసెస్టర్‌కు వచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు. అగరొత్తి వెలిగిస్తే ఫ్లాట్‌లో స్మోక్ అలారం కూస్తుంది కాబట్టి చిన్న దీపం ఒక్కటే. మా ఆయన హాస్పిటల్ ల్యాబ్‌లో పని. ఆయన డ్యూటీ వేళలు ఎలా ఉన్నా ఆ కాసేపు నేను, ఆ దీపం, ఆ పేర్లు.

చాలా ఏళ్ళు ఆ పేర్లలో మొదటిది హెలెన్.

నేను కస్టమర్ల ఫోన్లు ఎత్తే పనిలో చేరాను. బడికి వెళ్ళినట్టు ఒక్క కాగితం లేదు. దూరవిద్యలో తెచ్చుకున్న డిగ్రీ ఉంది గానీ దాన్ని ఇక్కడ ఎవరూ తిప్పి కూడా చూడలేదు. హెలెన్ అదే కంపెనీలో మేనేజరు. నేను రాసిన కాల్ నోట్స్ ఒకరోజు చదివి, ఈ ప్రశ్నలు నీకెలా తట్టాయని అడిగింది. నెల తిరగకముందే లెక్కలు చూసే తన టీంలోకి తీసుకుంది. సర్టిఫికెట్లు అడగలేదు. ఆ రోజు దీపం ముందు ఆమె పేరు చెప్తూ ఏడ్చాను. అది నిజమైన కృతజ్ఞతే. తర్వాత నేను చేసిన పనికి బీజం కూడా అదే అంటే మీరు నమ్ముతారా?

మాది బెట్టింగ్ ఎక్స్ఛేంజ్. అంటే పందేల సంత. ఈ గుర్రం గెలుస్తుందని ఒకరు, గెలవదని ఇంకొకరు పందెం కాస్తారు. ఇద్దరినీ కలిపేది మా వెబ్‌సైటు. గెలిచినవాళ్ళ లాభంలోంచి కంపెనీ కమిషన్ తీసుకుంటుంది. జూదం డబ్బు తింటూ దీపం పెట్టడమేమిటని మీరడగవచ్చు. నన్ను నేనూ అడిగాను. పందెం కాసేది నేను కాదు కదా, కూడికలు తీసివేతలే కదా అని సర్దిచెప్పుకున్నాను. ఒక ప్రశ్నను పక్కకు నెట్టడం అలవాటయ్యాక, రెండోదాన్ని నెట్టడం అంత కష్టం కాలేదు.

ఆ సంతలో ఎప్పుడూ గెలిచేవాళ్ళు కొద్దిమంది ఉంటారు. తెలివైనవాళ్ళు. చిన్న పందేలవాళ్ళ డబ్బు వీళ్ళు త్వరగా ఊడ్చేస్తారనీ, జేబు ఖాళీ అయినవాడు మళ్ళీ రాడనీ కంపెనీ భయం. అందుకని చాలాకాలంగా లాభంలో ఉన్నవాళ్ళ మీద కమిషన్ కాక అదనపు చార్జీ ఒకటి ఉండేది. దాన్ని పెంచి, ఇంకా ఎక్కువమందికి వర్తింపజేయాలన్నది హెలెన్ ప్రతిపాదన. ముందు కొంతమంది కస్టమర్ల మీద కొన్ని నెలలపాటు ప్రయత్నించి చూశారు. ఆదాయం పెరిగింది. హెలెన్ మొహం వెలిగిపోయింది.

కాదన్న మనిషి ఒక్కరే. మూర్తి గారు.

ఆయనది తెనాలి వైపు. యాభై దాటిన మనిషి, హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసి, మా కంపెనీ ఇచ్చిన వీసా మీద భార్యనూ కూతురినీ తీసుకుని వచ్చారు. మా టీంలో తెలుగువాళ్ళం మేమిద్దరమే. లంచ్ టైంలో నా చపాతీల వంక చూసి “మీ తెలంగాణావాళ్ళు అన్నం ఎప్పుడు మొదలెడతారమ్మా” అని ఏడిపించేవారు. హెలెన్ ప్రతిపాదన గురించి ఆయన వాదన కూడా అలాగే, అన్నం తింటూ చెప్పారు. “సంతలో పెద్ద వర్తకుడి మీద సుంకం పెంచారు. సుంకం వచ్చింది. సంతోషం. రేపు వాడు బండి కట్టుకుని పోతే, అరకిలో వంకాయలు కొందామని వచ్చిన మనిషి ఏం చేస్తుంది? రెండు వారాలు చూసి తనూ మానేస్తుంది. ఈ గెలిచేవాళ్ళున్నారే, వీళ్ళు ఒట్టి గెలిచేవాళ్ళు కాదమ్మా. చిన్నవాడు పందెం కాస్తానంటే సరే అనడానికి ఎదుట కూర్చునేవాళ్ళు. మీరంతా చార్జీ కట్టినవాళ్ళనే లెక్కపెడుతున్నారు. వాళ్ళ ఎదుటివాళ్ళను లెక్కపెట్టండి.”

ఆయన లెక్కపెట్టారు. వారం మధ్యలో జరిగే చిన్న రేసుల్లో, ఎదుట మనిషి దొరకక మిగిలిపోయే పందేలు పెరుగుతున్నాయని తేల్చారు. అలా మిగిలిపోయిన చిన్న కస్టమర్లు మెల్లగా జారిపోతున్నారు. ఇవాళ వచ్చే చార్జీ రేపటి కమిషన్‌ను తినేస్తుందన్నది ఆయన మాట.

దాన్ని సరిచూడమని హెలెన్ నాకిచ్చింది.

నేను సరిచూశాను. ఆయన వెళ్ళిన దారిన పోకుండా వేరే దారిన వెళ్ళి చూశాను. లెక్క ఎక్కడైనా తప్పితే బాగుండునని వెతికానని కూడా చెప్పాలి. తప్పలేదు. మొదటి నెలలో చిన్న రేసుల డేటా పలచగా ఉంది, దాంతో ఏమీ తేలదు. ఆ తర్వాతి నెలల్లో కావలసినంత ఉంది. అన్నీ ఒకే మాట చెప్పాయి. మూర్తి గారు చెప్పిన మాట.

మీటింగుకు ముందు హెలెన్ నా దగ్గరకు వచ్చింది. ఈ ప్రతిపాదన తనకెంత ముఖ్యమో చెప్పి, నువ్వు పక్కనుంటే ధైర్యంగా ఉంటుందని భుజం మీద చెయ్యి వేసింది. అంతే. అబద్ధం చెప్పమని ఆమె అడగలేదు. ఇది స్పష్టంగా రాస్తున్నాను, ఎందుకంటే చాలా కాలం ఆ చెయ్యి మీదికి నెట్టి తప్పించుకున్నాను. ఆమెకు నా లెక్క ఏం తేల్చిందో తెలియదు. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

మీటింగులో డైరెక్టర్ల ముందు మూర్తి గారు గట్టిగానే మాట్లాడారు. తన పేరు పణంగా పెడతానన్నారు. అప్పుడు ఒక డైరెక్టరు నా వైపు తిరిగి, సరిచూసింది మీరే కదా, ఇది నిలుస్తుందా అని అడిగాడు.

మొదటి నెలలో చిన్న రేసుల డేటా చాలా తక్కువ, దాని మీద ఏ నిర్ణయానికీ రాలేం అన్నాను.

ప్రతి మాటా నిజం. చూశారా, ఎంత శుభ్రమైన పని? తర్వాతి నెలల సంగతి ఎవరూ అడగలేదు. అడగరని నాకు తెలుసు. ‘డేటా తక్కువ’ అన్న మాట విన్నాక ఇంకెవరూ కదిలించరు. ఆ మాట ఎంత బలమైనదో లెక్కల పనిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. నాకు తెలిసే వాడాను. ఆ డైరెక్టరు చిన్నగా నవ్వాడు. హెలెన్ ఊపిరి పీల్చుకుంది. మూర్తి గారు నా వైపు చూశారు. కోపంగా కాదు. చిన్నపిల్లవాడు లెక్క తప్పినప్పుడు పలక వంక చూసుకున్నట్టు.

ఆ సాయంత్రం దీపం ముందు హెలెన్ పేరు చెప్పుకున్నాను. ఇంకెవరి పేరు రాలేదు.

చార్జీ పెంచారు. కొన్ని నెలలకు టీం తగ్గించాల్సి వచ్చినప్పుడు, పూర్తి ఆధారం లేకుండా తొందరపడే మనిషన్న పేరు మూర్తి గారి మీద ఉంది. ముందు ఆయన్నే తీసేశారు. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు చెప్పనక్కర్లేదు. ఉద్యోగం పోతే వీసా పోతుంది. గడువిచ్చిన కొద్ది వారాల్లో వీసా ఇచ్చే ఇంకో కంపెనీ దొరకలేదు. కూతురు ఎ-లెవెల్స్, అంటే మన ఇంటర్ లాంటిది, చదువుతోంది, మధ్యలో ఆపేసి హైదరాబాదు వెళ్ళాలి.

ఇక్కడి నుంచి వెళ్ళిపోయే మనవాళ్ళు సామాను పంచిపెట్టి పోతారు కదా. వాళ్ళావిడ ఫోన్ చేసి వెట్ గ్రైండర్ నీకేనమ్మా, వచ్చి తీసుకెళ్ళమంది. వెళ్ళకుండా ఉండాల్సింది. వెళ్ళాను. హాలు నిండా అట్టపెట్టెలు. మూర్తి గారు గ్రైండర్ రాయిని పాత దుప్పటిలో చుడుతూ, తలెత్తకుండానే అడిగారు.

“ఒక్క మాట అడగనా అమ్మా? నువ్వు చూశావు కదా. నా లెక్క ఎక్కడ తప్పింది?”

“డేటా తక్కువుండె సార్. గంతే.”

“గంతే.” ఆయన నవ్వారు. “మీ గంతేకీ మా అంతేకీ తేడా ఏమీ లేదు. రెండింటి తర్వాతా మాట్లాడ్డానికేం ఉండదు.”

వాళ్ళావిడ వంటింట్లోంచి, “గ్రైండర్ కంటే ఆ లెక్కే బరువైపోయింది ఈయనకి. ముందా రాయి కారులో పెట్టండి, ఈ అమ్మాయి ఇంటికెళ్ళేసరికి మళ్ళీ ట్రాఫిక్” అంది.

కారు దాకా మోసుకొచ్చి డిక్కీలో పెట్టాక ఆయన అన్న మాట ఇది. “నువ్వు చేసింది మంచి పనేనమ్మా. తెలుగువాడు కదా అని వెనకేసుకు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పావు. అందుకు నీకు థాంక్స్ చెప్పాలనుకున్నాను. నాకే వయసు మీద పడుతున్నట్టుంది.”

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. డిక్కీ ఇంకా తెరిచే ఉంది. ఆయన నాకు కృతజ్ఞత చెప్తున్నారు. నాకు, కృతజ్ఞత అంటే ఏమిటో పీట మీద కూర్చుని నేర్చుకున్నదానికి. తల ఊపి కారెక్కాను.

అప్పటినుంచి శనివారం శనివారం ఆ గ్రైండర్‌లో ఇడ్లీ పిండి రుబ్బుతున్నాను. ఆ రోజు మేలు చేసినవాళ్ళ పేర్లలో ఇచ్చినవాళ్ళ పేరు రావాలి. అమ్మ పద్ధతి ప్రకారం రావాలి. నోరు తెరిచేదాన్ని, పక్క పేరుకు దాటేదాన్ని. దేవుడికి నా లెక్క తెలియదా? తెలుసు. ఆ సంగతి నాకూ తెలుసు. ఇద్దరం ఆ పేరు దగ్గరకు రాగానే మాట్లాడకుండా ఊరుకునేవాళ్ళం.

ఇంకొకటుంది. ఇది చెప్పకపోతే పైదంతా సగం నిజమే అవుతుంది. చార్జీ పెంచాక మొదట్లో ఆదాయం పెరిగిన మాట వాస్తవం, మాకు బోనస్‌లు కూడా వచ్చాయి. తర్వాత గెలిచేవాళ్ళు ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. చిన్న రేసుల స్క్రీన్లు ఖాళీ అయ్యాయి. చిన్నవాళ్ళు పందెం కాసి, ఎదుట మనిషి లేక, విసిగి వేరే దారి చూసుకున్నారు. చివరికి కంపెనీ బయటి నుంచి సలహాదారులను పిలిచింది. వాళ్ళలో ఒకాయన గ్రాఫులు చూపించి, మీరు గెలిచినవాళ్ళను లెక్కపెట్టారు గానీ వాళ్ళ ఎదుటివాళ్ళను లెక్కపెట్టలేదు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. హెలెన్ కొట్టింది. నేనూ కొట్టాను.

చార్జీ తగ్గించారు. ఈ మాట మా మూర్తి గారు ముందే చెప్పారని ఆ గదిలో ఒక్కరూ అనలేదు. చాలామందికి ఆయన గుర్తే లేరు. గుర్తున్నది నాకు. మొదటిసారి మాట మింగింది కృతజ్ఞత వల్ల అనుకుందాం, పోనీ. రెండోసారి? అప్పుడు హెలెన్‌కు పోయేదేమీ లేదు. నాకు మాత్రమే ఉంది. అంటే మొదటిసారి కూడా అంతేనేమో. కృతజ్ఞత అని నేను పేరు పెట్టుకున్న దాని కింద ఉన్నది భయమేనేమో, బడి కాగితం లేని మనిషిని మళ్ళీ ఫోన్ల దగ్గరకు పంపేస్తారన్న భయం. ఎంత తవ్వినా ఆ రెండూ విడిగా దొరకడం లేదు. విడదీయడం మానేశాను. చేసింది నేనే, అది చాలు.

ఇన్నేళ్ళకు ఇప్పుడెందుకంటే, పోయిన నెల మూర్తి గారి అమ్మాయి మెసేజ్ పెట్టింది. ఏదో ఉద్యోగం గురించి సలహా కోసం. మాటల్లో నాన్న ఎలా ఉన్నారని అడిగాను. బాగానే ఉన్నారు ఆంటీ, అపార్ట్‌మెంట్‌వాళ్ళు మెయింటెనెన్స్ లెక్కలు చూడమంటే నా వల్ల కాదు, నాకు తప్పులు పోతాయి అని తప్పుకున్నారు అని రాసింది. నవ్వుతున్న బొమ్మ పెట్టింది పక్కన.

నేను తీసుకున్నది ఉద్యోగం ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది. ఉద్యోగం నేనెలాగూ తిరిగి ఇవ్వలేను. ఆ అమ్మాయికి ఆగిన చదువునూ ఇవ్వలేను. కానీ ఆయనదొకటి ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని ఇచ్చెయ్యవచ్చు.

మొన్న ఆదివారం ఫోన్ చేశాను. మా ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని చేశాను, మళ్ళీ పారిపోకుండా. ఉపోద్ఘాతం ఏమీ లేకుండా చెప్పేశాను. తర్వాతి నెలలు కూడా చూశాను సార్, మీ లెక్క సరైనదే, నాకు ఆ రోజే తెలుసు, మీటింగులో కావాలనే దాచాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఆయన మంచితనానికి మళ్ళీ పని పెట్టినట్టవుతుంది.

అటువైపు ఆయన టీవీ కట్టేసిన చప్పుడైంది. తర్వాత, “ఎలా సరిచూశావు?” అన్నారు.

చెప్పాను. ఏ రేసులు తీసుకున్నానో, ఎవరిని ఎవరితో పోల్చానో అన్నీ చెప్పాను. మధ్యలో ఒకచోట ఆపి, అది అలా కాక ఇలా చూసి ఉంటే ఇంకా తేటగా కనపడేది అన్నారు. అవును సార్ అన్నాను. ఆ తర్వాత ఆయన ఫోన్ పెట్టేశారు. ఇంతవరకు మళ్ళీ చెయ్యలేదు. చేస్తారనీ అనుకోవడం లేదు.

రేపు ఆఫీసులో హెలెన్‌కు చెప్తాను. ఆమె చేసిన మేలు మేలే, దాన్ని నేనెప్పుడూ కాదనను. ఆమె పేరు దీపం ముందు చెప్తూనే ఉంటాను. కానీ ఆ మేలును నేను తీర్చింది నా సొమ్ముతో కాదని ఆమెకు తెలియాలి. ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. ఏమైనా చెప్తాను.

మీరు విన్నారు. నన్ను మంచిదాన్ని అనుకోనక్కర్లేదు. బరువు దిగలేదు కూడా, చెయ్యి మార్చుకున్నానంతే. కానీ ఫోన్ చేసిన సాయంత్రం, చేతులు కడుక్కుని, దీపం పెట్టి కూర్చున్నప్పుడు నోరు తెరుచుకుంది. హెలెన్, ఉద్యోగం ఇచ్చినందుకు. మా ఆయన, పక్కన కూర్చున్నందుకు. ఆ అమ్మాయి, మెసేజ్ పెట్టినందుకు.

మూర్తి గారు, లెక్క సరిగ్గా చేసినందుకు.