గంటా నలభై నిమిషాల దూరం

ఉదయం ఏడింటికి విశాఖపట్నం నుంచి బావ ఫోన్ చేశారు.

"ఆపరేషన్ రేపు కాదంటమ్మా, ఇవాళే. రెండింటికి లోపలికి తీసుకెళ్తారు. మీ అక్క నిన్నే అడుగుతోంది."

అక్కకు గొంతులో క్యాన్సర్. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. ప్రాణం దక్కుతుంది, మాట పోతుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఏళ్ల తరబడి మా చర్చిలో పాట ఎత్తుకున్నది ఆ గొంతే. నేను బడికి వెళ్లనని మొండికేస్తే వీధి చివరిదాకా వినబడేలా తిట్టిందీ ఆ గొంతే. అది పోయేలోగా ఒక్కసారి పక్కన కూర్చుని వినాలనుకున్నాను.

నేను కన్నడనాట, కాడుగోడిలో ఉంటాను, నర్సుని. మర్నాటి టికెట్టు మార్చుకుని పదీ ఐదు విమానం పట్టుకుందామని బయల్దేరాను. ప్రయాణం గంటా నలభై నిమిషాలని టికెట్టు మీద ఉంది. గాలిలో సుమారు ఎనిమిది వందల కిలోమీటర్లు. ఒంటిగంటకల్లా అక్క దగ్గర ఉంటాననుకున్నాను. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు వెళ్లే దారి గురించి అంతగా ఆలోచించలేదు.

బూదిగెరె దగ్గర కారు ఆగిపోయింది. ముందు ఒక కాంక్రీటు లారీ రోడ్డుకు అడ్డంగా దిగబడింది. మా కారు డ్రైవరు ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగాయన, పెద్దవాడు.

"లారీ తీస్తా ఉండారు. స్వల్ప ఓర్చుకోమ్మా."

"టైం లేదన్నా. వేరే దారి లేదా?"

"ఉండాది. వెనక్కి తిప్పేదానికి జాగా ఏడుండాదమ్మా?"

అరగంట చూశాను. ఇక ఆగలేక దిగి, లారీ పక్కనున్న బురదలోంచి అవతలికి నడిచాను. కనబడిన ప్రతి బండికీ చెయ్యి అడ్డం పెట్టాను. చివరికి ఒక పాల వ్యాను ఆగింది. ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ వరుసలో నిలబడ్డ ప్రతి ఒక్కరినీ బతిమాలుకుంటూ ముందుకెళ్లాను. గేటు చేరేసరికి తలుపు మూసేశారు. విమానం అద్దం అవతలే నిలబడి ఉంది. ఇంకా కదల్లేదు కదా అని ఏడ్చాను. అక్కడున్న అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగాయి, కానీ తలుపు తెరవలేదు.

తర్వాతి విమానం ఒంటిగంటన్నరకు. అది దిగేసరికి మూడు దాటుతుంది.

అక్కకు ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావే?" గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"రాలేకపోయానక్కా. విమానం వెళ్లిపోయింది."

అక్క ఏదో అంది. సరిగ్గా అప్పుడే నా తలపైన స్పీకర్లో ఎవరివో పేర్లు పిలవడం మొదలుపెట్టారు. రెండో చెవి మూసుకుని, "ఏమన్నావక్కా? ఇంకోసారి చెప్పు," అన్నాను. మళ్లీ చెప్పింది. మళ్లీ వినబడలేదు. ఆ తర్వాత ఫోన్ బావ తీసుకున్నారు. ఇంక మాట్లాడించొద్దని డాక్టర్లన్నారట.

నేను చేరేసరికి అక్క ఇంకా ఆపరేషన్ థియేటర్లోనే ఉంది. అంతా బాగా జరిగిందని సాయంత్రం చెప్పారు. మూడోరోజు తెలివిలో ఉన్నప్పుడు కాగితమూ పెన్నూ ఇచ్చి అడిగాను, ఆ రోజు ఫోన్లో ఏం చెప్పావని.

చాలాసేపు నా మొహంలోకి చూసి, "గుర్తులేదు," అని రాసింది. కాగితం మడిచి నా చేతిలో పెట్టి, కళ్లు మూసుకుంది.

అక్క అబద్ధమాడితే నాకు తెలుస్తుంది. అయినా మళ్లీ అడగలేకపోయాను.