ట్యాపుకు నేను పెట్టిన బొట్టు

చిటికెడు కుంకుమ ఎంత బరువుంటుంది? నేను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీకు చెప్పబోతున్నాను. భయం కొంత, సంబరం ఎక్కువ. సిగ్గుపడాల్సిన చోట సంబరమేమిటని అడుగుతారేమో. నా తప్పు మొదలైందే సంబరంతో.

అప్పట్లో తమిళనాడులోని హోసూరు నుంచి ఒక తెలుగు దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. టమోటా ధరలు, రోడ్డు ప్రమాదాలు, సరిహద్దు దగ్గర జూజువాడిలో ఆగిన లారీల బారులు. అలాంటి నాకు ఒకరోజు తెలిసింది, ఊళ్లోని ఒక చిన్న వర్క్‌షాపుకు విమానం ఇంజను వచ్చిందని! ఇద్దరు కూర్చునే చిన్న విమానం. దాని ఇంజనును కమ్మి ఉండే అల్యూమినియం హౌసింగ్‌లో, ఒక బోల్టు రంధ్రంలోని మర, అంటే బోల్టు బిగిసే మెలికల గాడి, చెడిపోయింది. పరుగున వెళ్లాను.

పని చేసేది మునిరత్నం. దగ్గరి పల్లె బేరిగై మనిషి. లారీ ఇంజన్ల మీద ఏళ్ల తరబడి పనిచేసి చెయ్యి తిరిగాక, విమానం పని ముట్టుకునే అనుమతి తెచ్చుకున్నాడు. ఆ షాపులో అతనొక్కడికే అది ఉండేది. చెడిన మరను తొలిచేసి, ట్యాపు అనే పనిముట్టుతో కాస్త పెద్ద మర కోసి, అందులోకి స్ప్రింగులాంటి ఉక్కు తీగచుట్టను దించుతానన్నాడు. ఇక బోల్టు ఆ తీగలోకే బిగుస్తుంది. చుట్టను నా అరచేతిలో పెట్టాడు. ఉందో లేదో తెలియనంత తేలిక. ఆకాశంలో ఇంజనును పట్టి ఉంచేది ఇదా! ఒళ్లు పులకరించింది.

మర్నాడు ఆయుధపూజ. లేతుకు, డ్రిల్లింగ్ మెషీనుకు, సుత్తులకు, అన్నిటికీ చందనం, కుంకుమ. ట్యాపులకు మాత్రం పెట్టరు. వాటిని శుభ్రంగా తుడిచి, నూనె రాసి, పెట్టెలో సర్ది, మూత మీదే బొట్టు పెట్టడం ఆ షాపు ఆచారం. మునిరత్నం నాకు చెప్పాడు. నేను విన్నాను.

గుమ్మడికాయ కొట్టడానికి అందరూ గేటు దగ్గరికి వెళ్లారు. నేను పెట్టె తెరిచాను. విమానానికి మర కోసే ట్యాపు, దానికి బొట్టు. ఎంత మంచి ఫోటో! చందనం పూసి, మీద కుంకుమ అద్ది, ఇంజను పక్కన నిలబెట్టి ఫోనులో తీశాను. తర్వాత రుమాలుతో తుడిచి, పైపైన నూనె రాసి, ఉన్నచోటే పెట్టేశాను. పైకి మెరిసింది. గాడుల్లో చందనం మిగిలిందేమోనని చూడలేదు. నాకు తోచలేదా? తోచినా, వాళ్లు వస్తున్నారని మూత వేసేశానా? ఈ ప్రశ్నకు నేను చెప్పుకునే జవాబు ఏటేటా మారుతూ వచ్చింది.

మరుసటి రోజు అందరికంటే ముందు వెళ్లి నిలబడ్డాను. మునిరత్నం పెట్టెలోంచి ట్యాపు తీసి, రంధ్రంలో నిలిపి, కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి తిప్పుతూ దించాడు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. మధ్యలో పట్టేసింది. వెనక్కి తీస్తే అల్యూమినియం రజనుతో పాటు ఎర్రటి ముద్ద వచ్చింది. కోసిన మర చిరిగిపోయింది.

షాపు నడిపే మేస్త్రీ ఆ ముద్దను వేలి మీదికి తీసుకున్నాడు.

"ట్యాపుకు కూడా బొట్టు పెట్టినావా అప్పా? రేపు దానికి పెండ్లి కూడా చేస్తావా?"

ఎవరో నవ్వారు.

"నేను పెట్టలేదన్నా. మూత మీదే పెట్టినాను."

"మరి ఇది యాడనుంచి వచ్చింది? అమ్మవారే దిగొచ్చి పెట్టిందా?"

మునిరత్నం అందరి ముఖాలూ చూశాడు. నా ముఖమూ చూశాడు.

"చూసుకోకుండా తీసింది నేనే కదన్నా. తప్పు నాదే."

ఒక్క మాట అంటే సరిపోయేది. నేను ఫోను జేబులో వేసుకున్నాను.

విమానం వాళ్లు ఇంజను తీసుకుపోయారు. ఆ షాపుకు మళ్లీ అలాంటి పని రాలేదు. మునిరత్నం లారీలకే తిరిగి వెళ్లాడు, ఇప్పటికీ జూజువాడిలో అదే పని. నేను ఫోటో చెరిపేశాను. వార్త రాయలేదు. పనిముట్టును వాడేముందు చూసుకోవడం పనివాడి బాధ్యతే కదా అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కానీ తన చేత్తో తుడిచి సర్దిన పెట్టెను తాను నమ్మడం తప్పెలా అవుతుంది?

మొన్న అతని దగ్గర టీ తాగాను. వానల గురించి మాట్లాడుకున్నాం. పైన చిన్న విమానం ఒకటి పోయింది. నాకు పాత సంబరమే, చిన్నపిల్లాడిలా తలెత్తాను. అతను కూడా తలెత్తాడు, అది కనుమరుగయ్యేదాకా దించలేదు. అప్పుడు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

ఇంకొక్క సంగతి. మునిరత్నం ఇంట్లో తెలుగే మాట్లాడతాడు. బడిలో నేర్చుకున్నది తమిళం. తెలుగు చదవలేడు. నేను తమిళంలోనూ రాయగలను. అయినా ఇది తెలుగులో రాశాను. ఎందుకో తెలిసే రాశాను.

బొట్టు పెట్టింది నేను. ఈ ఒక్క వాక్యం కోసమే ఇంత రాశాను. రాసేశాక ఊపిరి ఆడుతోంది.