మల్లి వాటా

సెంట్రింగ్ పనని నమ్మి పంతొమ్మిదివందల తొంభైలో ఒమాన్ వచ్చి, ఇబ్రా కొండల్లో యజమాని అర్బాబు ఆవులు మేపుతున్న ముత్తెన్న ఒంటినిండా ఎండుచేపల వాసనే. గడ్డి మొలవని రాళ్లలో తిరిగొచ్చిన ఆవులకు పొద్దుగూకేవేళ ఎండుచేపలూ ఖర్జూరాలూ కలిపి పెడితేనే అవి ఎదకొచ్చి చూడి కడతాయి. పంచేటప్పుడు మాత్రం, బక్కచిక్కిన ఆవు మల్లిని చూస్తే అతని చెయ్యి ఆగేది కాదు. మిగతా నాలుగింటి తొట్లలోంచి రోజూ దోసెడేసి తీసి దాని ముందు పోసేవాడు. "తిను బిడ్డా. ఈనకుంటె కోతకు వోతవ్," అనేవాడు.

మల్లి చూడి కట్టింది. ఆ నాలుగూ ఎముకలు తేలి, ఎదకే రాలేదు. "బచ్చా నై, ఖలాస్," అని అర్బాబు కసాయి బండిని పిలిపించాడు. అవి ఎక్కకుండా మొరాయిస్తే, ముత్తెన్న బండిలో నిలబడి దోసెడు ఎండుచేపలు చూపించి పిలిచాడు. తమ వాటా ఇన్నాళ్లకు వచ్చిందనుకున్నాయేమో, ఒకదాని వెనక ఒకటి ఎక్కాయి.