తాడుకు పది ముళ్లు

గంగన్న తాతకు కోపం వస్తే చాయ్‌లో చక్కెర వేసుకోడు. పది రోజులుగా చేదు చాయే తాగుతున్నాడు.

ఆయన డ్యూటీ సముద్రాన్ని కొలవడం. మీనా సల్మాన్ రేవు దగ్గర పడవ ఆపి, తాడుకు కట్టిన యంత్రాన్ని నీళ్లలోకి దించుతాడు. తాడుకు పది ముళ్లు. ముడిముడికీ ఆగి ఉప్పెంత, వేడెంత, ప్రాణవాయువెంత అని నోటుబుక్కులో రాస్తాడు. అంకెలు వంకరే గానీ, వాటిలో అబద్ధం లేదని ఆయనకు మహా గొప్ప.

ఈ మధ్య ఆఫీసులో ముఖేష్ అనే కుర్రాడు వెబ్‌సైటు కట్టాడు. పది ముళ్ల రీడింగులూ టైముతో సహా ఫోనులో ఒకే డబ్బాలో వరసగా కొట్టాలి. తాత ఒంటి వేలితో, తిట్టుకుంటూనే కొట్టాడు. పదకొండో రోజు సూపర్‌వైజర్ వసీం ఒక నోటీసు కాగితం ముందుకు తోశాడు.

"చివరి రెండు ముళ్ల రీడింగులు ఒక్కరోజు కూడా లేవు గంగన్నా. తాడు అడుగుదాంక ఇడుస్తలేవు. సంతకం పెట్టు. ఇంకోసారైతే ఖలాస్, ఇంటికే."

"సంతకమా? ఏలిముద్ర గూడ పెట్ట!"

తాత చెవులు ఎర్రబడ్డాయి. ఆయన చెవులు పెద్దవి కాబట్టి ఆ ఎరుపు గది అవతలికీ కనిపించింది.

మర్నాడు ఆయన రీడింగులను తిరగేసి, పదో ముడి నుంచి పైకి కొట్టాడు. వసీం తెరకేసి చూసి నోరు తెరిచాడు.

"ఇదేంది, ఇయ్యాల మొదటి రెండు ముళ్లు లేవు?"

"అవ్ భాయ్! మీదున్న నీళ్లను ముట్టకుంటనే అడుగుకు దునికిన!"

పక్క బల్ల దగ్గరున్న ముఖేష్ గబగబా తన వెబ్‌సైటు రాతకోతలు తిరగేసి తల దించుకున్నాడు. "నా తప్పే తాతా. డబ్బాకు రెండు వందల యాభై అయిదు అక్షరాల హద్దు పెట్టిన. మిగిలింది చెప్పకుంటనే కోసేస్తున్నది."

"సముద్రాన్ని అగ్గిపెట్టెల కుక్కుతవారా? ముడికో వరుస పెట్టు! పోయిన రీడింగులు నా బుక్కుల ఉన్నయి, కూసోని నువ్వే కొట్టు!"

వసీం నోటీసు చింపబోయాడు. తాత చెయ్యి పట్టుకున్నాడు.

"చింపకు. తప్పు డబ్బాది, గంగన్నది కాదని దానిమీదనే రాయి. సంతకం నువ్వు పెట్టు."

వసీం పెట్టాడు.

ఆ సాయంత్రం తాత చాయ్‌లో ఒక్క చెంచా చక్కెర పడింది. మామూలుగా మూడు వేసుకుంటాడు. ఇంకా రెండు చెంచాల కోపం మిగిలే ఉంది.