నా కాలికిచ్చిన మాత్రలు

డాక్టరు మీకు రాసిచ్చిన నొప్పి మాత్రలు మిగిలితే ఏం చేస్తారు? నొప్పి అంటూ వచ్చినవాళ్ల చేతిలో పెడతారా? నేను పెట్టాను. దాన్ని దయ అనుకున్నాను.

తొంభైల మొదట్లో, ఒక నవంబరులో, కశ్మీరు కొండల మీద మా సైనిక పోస్టుకు చేరాను. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. ఇసుక బస్తాల బంకరు, ఒక కిరోసిన్ స్టవ్వు, ఒక ఆక్సిజన్ సిలిండరు, ఆరుగురు మనుషులు. మూడున్నరకల్లా సూర్యుడు కొండ వెనక్కి పోయేవాడు. నాది గద్వాల, మగ్గం నేసే ఇల్లు. రేడియో ఆపరేటరుది కొత్తకోట, లారీ మెకానిక్ కొడుకు. ఆ మంచులో మన భాష మాట్లాడింది మేమిద్దరమే.

మూడు వారాలకు మంచు మీద జారి నా చీలమండ బెణికింది. కింది బేస్‌లో డాక్టరు పది మాత్రలిచ్చాడు. "రోజుకు మూడు, అంతే. రమ్ము ముట్టొద్దు. జ్వరం మాత్ర విడిగా వేసుకోవద్దు, ఆ మందు ఇందులోనే ఉంది" అన్నాడు. నేను నాలుగు వాడాను. నొప్పి తగ్గింది. ఆరు మిగిలాయి.

డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం ఏడు గంటలు. మంచు తుపాను. బేస్‌కు దారి మూసుకుపోయింది. ఆపరేటరు దవడ పట్టుకుని వచ్చాడు. రెండు రోజులుగా జ్వరం, తిండి లేదు.

"పన్ను గుంజుతుందిరా. నీ గోళీలు జర ఇయ్యరాదు."

"గవి కాలుకిచ్చినయిరా."

"గోళీకేం తెల్సు, కాలేదో పన్నేదో?"

ఇద్దరం నవ్వుకున్నాం. మాత్రల రేకును కత్తితో కోసి ఆరు ఇచ్చాను. మందు పేరున్న ముక్క నా జేబులోనే ఉండిపోయింది. డాక్టరు చెప్పిన జాగ్రత్తలు ఒక్కటీ చెప్పలేదు.

మధ్యాహ్నం మూడూ నలభైకి బేస్ నుంచి రేడియోలో పిలుపు వచ్చింది. మళ్లీ పిలిచారు. ఆపరేటరు చెవులకు హెడ్‌సెట్ పెట్టుకునే ఉన్నాడు, పలకడం లేదు. కుదిపితే ఒరిగిపోయాడు. పెదవులు నీలం. నేను రేడియో అందుకున్నాను. డాక్టరు లైన్లోకి వచ్చాడు.

"ఏం వేసుకున్నాడు? ఎన్ని? ఓవర్."

పోస్టు కమాండరు హవల్దారు నా మణికట్టు పట్టుకున్నాడు. "జ్వరం మాత్రలని మాత్రమే చెప్పు. రేడియోలో మన కంపెనీ దళమంతా వింటోంది. నీ భుజం మీది హోదా పట్టీ ఊడుతుంది."

నిజమే. నా మందు ఇంకొకరికివ్వడం నేరం. కానీ అబద్ధం చెబితే డాక్టరు ఏ లెక్క మీద వైద్యం చేస్తాడు? చెప్పాను. నేనిచ్చినవి ఆరు, ఒక్కటీ మిగల్లేదు. అతని మంచం కింద జ్వరం మాత్రల రేకులో ఖాళీ గూళ్లు ఎనిమిది. మధ్యాహ్నం రెండు పెగ్గుల రమ్ము. జేబులోని రేకు ముక్క తీసి మందు పేరు అక్షరం అక్షరం చదివాను.

"అందులో రెండు మందులున్నాయి. ఒకటి ఊపిరిని మందగింపజేస్తుంది, రమ్ము దానికి తోడైంది. రెండోది జ్వరం మందే. మాత్ర వేరు కదా అని రెండూ మింగాడు. పక్కకు తిప్పి పడుకోబెట్టు. ఆక్సిజన్ పెట్టు. ఊపిరి లెక్కపెట్టు. ఓవర్."

నిమిషానికి ఎనిమిది. హవల్దారూ నేనూ వంతులవారీగా లెక్కపెట్టాం. ప్రతి పది నిమిషాలకూ అంకె కిందికి పంపాం. రాత్రి ఏడు గంటలకు పద్నాలుగుకు వచ్చింది. కళ్లు తెరిచాడు.

"ఏందిరా, పీనుగును జూసినట్లు జూస్తున్నవ్?"

తెల్లారి తుపాను తగ్గింది. అతను లేచి చాయ్ తాగాడు. హెలికాప్టర్ వస్తోందంటే తిట్టాడు. హవల్దారు కూడా "బాగానే ఉన్నాడు, ఉండనివ్వండి" అన్నాడు. డాక్టరు ఒప్పుకోలేదు. "నడుస్తున్నా సరే, పంపండి. జ్వరం మందు ఎక్కువైతే కాలేయానికి తగిలిన దెబ్బ వెంటనే బయటపడదు. విరుగుడు ఇప్పుడే పడాలి."

మూడో రోజు రేడియోలో కబురు: కళ్లు పసుపు పచ్చగా మారాయి. బతుకుతాడు. విరుగుడు సకాలంలో అందింది, లెక్క సరిగ్గా చెప్పినందుకు. నా పట్టీ ఊడింది. పోనీ.

వేసవిలో సెలవు మీద గద్వాల వచ్చాను. మా వీధిలో నేత నేసే పెద్దవ్వ మొదటి రోజే పట్టుకుంది.

"బిడ్డా, మిలిట్రీ గోళీలు మస్తు పనిజేస్తయంట గదా. రెక్క గుంజుతుంది, ఒక రెండియ్యి."

"ఇయ్యను పెద్దవ్వా."

"ఓరి పిసినారోడా! సర్కారు సొమ్మే గదరా!"

రిక్షాలో కూర్చోబెట్టి దవాఖానకు తీసుకుపోయాను. దారి పొడుగునా తిట్టింది. ఆ తిట్లు వింటుంటే కళ్ల ముందు హెలికాప్టర్ దగ్గరి ఆపరేటరు ముఖమే. మంచులో నిలబడి పకపకా నవ్వుతూ "నాకేమైందిరా? పన్ను గూడ నొస్తలేదు!" అని అరుస్తున్నాడు. లోపల కాలేయం పాడవుతోంది. ఇన్నేళ్లయినా ఆ నవ్వు నన్ను వదలలేదు.

రంగు చూసి, పేరు విని మందును నమ్మకండి. మీ మాత్రలో ఏయే మందులున్నాయో, దానితో ఏవి కలపకూడదో డాక్టరును అడగండి. రాసినంతే వాడండి. ఎవరైనా నొప్పి అని చెయ్యి చాపితే అందులో మాత్ర పెట్టకండి. ఆ చెయ్యి పట్టుకుని దవాఖానకు నడిపించండి.