పన్నెండు తాటిచెట్ల లైటు

నా దగ్గర ఒకప్పుడు నలభై టార్చిలైట్లు ఉండేవని మా మనుమలకు చెబుతుంటాను. వాళ్లు నమ్ముతారు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కాస్త తగ్గించుకోవాలి. ఇరవై. అదీ ఎక్కువే. కూర్చుని వేళ్ల మీద లెక్కపెడితే ఏడు తేలాయి. ఆ ఏడింటిలో ఒకటి ఉత్త గొట్టం, దానికి తల లేదు.

పందొమ్మిది వందల యాభైల చివర్లో నాకు బడిపంతులు ఉద్యోగం వచ్చింది. దొరవారిసత్రం అవతల, పులికాట్ సరస్సు గట్టున, చేపలు పట్టి బతికే చిన్న ఊరు. మాది కొడవలూరు వైపు, వరి పండించే ఇల్లు. బురద తెలుసు గానీ ఉప్పునీళ్లు తెలియవు. ఆ ఊళ్లో కరెంటు లేదని విని, బయలుదేరే ముందు నెల్లూరు బజారులో రెండు సెల్లుల రేకు లైటు ఒకటి కొన్నాను. దాన్ని గోడ మీద వేస్తే వెలుగు నడుమ కోడిగుడ్డంత నల్లటి మచ్చ పడేది. లైటంటే అంతే కాబోలు, చందమామలో మాత్రం మచ్చ లేదా అనుకున్నాను.

అసలు లైటంటే ఏమిటో ఒక పడవ సరంగు చూపించాడు. సర్వి కట్టెలు, అంటే సరుగుడు వంటచెరకు, నింపుకుని చెన్నపట్నం పోయే పడవలు బకింగ్‌హామ్ కాలువలో వరసగా వచ్చేవి. ఒకనాటి సాయంత్రం గట్టున ఆగిన పడవలో అతని చేతిలో చూశాను. మూడు సెల్లులది, సీమ సరుకు, ఇత్తడి గొట్టం మీద వెండిలాంటి పూత. చేతికి తీసుకుంటే బరువు తెలిసింది. తల విప్పితే మర వెన్నలో వేలు తిప్పినట్టు తిరిగింది, కిర్రుమనలేదు. అడుగుమూతలో దూది చుట్టి అదనపు బల్బు ఒకటి దాచి ఉంది. తల ఇటు తిప్పితే వెలుగు కర్రలాగా సన్నగా సాగింది, అటు తిప్పితే చాపలాగా పరుచుకుంది. పడవ తెరచాప మీద వేసి చూపించాడు. మచ్చ లేదు. అంచు నుంచి అంచు దాకా ఒకటే తెలుపు. ఇన్నాళ్లూ నేను వాడింది లైటు కాదని అర్థమైంది.

నా ముచ్చట చూసి సరంగు దాన్ని ఊరికే ఇచ్చేశాడని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. మామగారు పెళ్లికి పెట్టిన చేతిగడియారం ఇచ్చి తీసుకున్నాను. గడియారం సరస్సులో జారిపోయిందని కొడవలూరులో ఉన్న నా భార్యకు ఉత్తరం రాశాను. గడియారం పెట్టుకుని నీళ్లలోకి ఎందుకు దిగారు అని ఒక్కటే అడిగింది. దానికి జవాబు ఇప్పటికీ రాయలేదు.

అక్కడి నుంచి పట్టుకుంది పిచ్చి. నెల్లూరు వెళ్లినప్పుడల్లా పాత సామాను అంగళ్లు తిరిగేవాణ్ణి. మెడ వంచినట్టు తల అడ్డంగా ఉండే మిలిటరీ లైటు ఒకటి దొరికింది. కలమంత చిన్నది ఒకటి దొరికింది. ఉప్పుగాలికి లోపలి స్ప్రింగులు పచ్చగా చిలుం పట్టేవి, గరుకు కాగితంతో గీకేవాణ్ణి. ఇత్తడికి చింతపండు. లోపలి అద్దపు గిన్నెను మాత్రం వేలితో ముట్టకూడదు, దూదితో ఊదినట్టు తుడవాలి. నీరసించిన సెల్లులను బడి అరుగు మీద ఎండబెట్టేవాణ్ణి. అయ్యోరు వడియాలు పెట్టినాడని ఆడవాళ్లు నవ్వుకుంటూ పోయేవాళ్లు.

లైటు సత్తాను ఆ ఊళ్లో తాటిచెట్లతో కొలిచేవాళ్లు. ఊరి నుంచి కాలువకు పోయే కట్ట మీద తాటిచెట్లు వరసగా ఉండేవి. నా ఇత్తడి లైటు పన్నెండో చెట్టును అందుకుందని పక్క ఊళ్లలో కూడా చెప్పుకున్నారు. చెప్పింది నేనే. ఆరో చెట్టు దాకా బాగా కనబడేది, ఏడోది ఉందని తెలిసేది.

నేను ఉన్నది ఒక పెద్దాయన ఇంటి పంచలో. తాతా అని పిలిచేవాణ్ణి. ఆ ఇంటి వలకు ముందు నిలిచేవాడు ఆయనే. అంటే, చీకటి పడే వేళకు నడుముల్లోతు నీళ్లలోకి దిగి, నీటి చప్పుడు విని, చేపల గుంపు ఎటు ఉందో చెప్పి, వలను ఎటు మూయాలో చేయి చూపేవాడు, మూసిన వల కొసను ఒకడు నీళ్లలో నిలిపి పట్టుకున్న గుంజకు కట్టేవాడు. మిగిలిన ఎనిమిదిమందీ ఆయన చేతిని చూసి నడిచేవాళ్లు. మంచి పాయలో వల వేసే వంతు ఒక్కో ఇంటికి కొన్నాళ్లకు ఒకసారి వచ్చేది. వంతు వచ్చిన రోజు ముందు నిలిచేవాడు తడబడితే ఆ స్థానం తమ్ముడికి పోతుంది. అది కోపతాపాల సంగతి కాదు, ఆ ఊరి కట్టుబాటు. తాతకు ఒక తమ్ముడు ఉన్నాడు. గట్టివాడు, మాట తక్కువ.

నేను వచ్చిన రెండో ఏడు, పొద్దు వాలగానే తాత నా దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. అయ్యోరా, నీ లైటు తీసుకోని అట్టా నీళ్ల దాకా పోయొద్దాం పద అనేవాడు. నాకు తొలి శిష్యుడు దొరికాడని పొంగిపోయాను. దారి పొడుగునా ఆయనకు గిన్నె లోతు గురించి, బల్బు గురించి పాఠం చెప్పేవాణ్ణి. ఊఁ కొడుతూ నా భుజం మీద చేయి వేసి నడిచేవాడు. నెల రోజులకు గాని నా బుర్రకు ఎక్కలేదు. ఒకసారి చేతికి లైటు ఇచ్చి మీట ఎక్కడుందో చూడమంటే, గాజు వైపు తడిమాడు.

రేచీకటి. పొద్దు వాలితే ఆయనకు మనుషులు కూడా ఆనరు.

ఆయన దాచలేదు. అక్కడే గట్టున కూర్చున్నాడు. "రెండేండ్లాయ అయ్యోరా. నీళ్లలోకి దిగినాక నాకు కండ్లతో పనిల్యా. చెవులుండాయి, కాళ్లకింద ఇసక తెలస్తాది. నీళ్ల దాకా పోయే దోవే కష్టం. మావోళ్లకి తెలిస్తే నన్ను గట్టున కూసోబెడతారు. గట్టున కూసోని నేనేం జెయ్యాల?"

ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. ఆ మాట నిలబెట్టుకున్నాను కూడా. నోటితో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఆ ఇంటి వంతు వచ్చింది. అంతకు వారం ముందే నేను ఇత్తడి లైటుకు కొత్త బల్బు, కొత్త సెల్లులు వేశాను. సూర్యుడు దిగిపోయి నీళ్ల మీద బూడిదరంగు మిగిలిన వేళ. తాతను నీళ్ల అంచు దాకా నడిపించి, నేను గట్టున, వంతు చూడవచ్చిన జనం పక్కన నిలబడ్డాను. ఆయన దిగాడు. వల రెండు వైపులా సాగింది. సగం మూసుకుంది. నీళ్లలో చిన్న చిన్న గుటకల్లాంటి చప్పుడు. గుంపు లోపలే ఉంది. నా చేతిలో లైటు ఇంకా వెలుగుతూనే ఉంది, నా కాళ్ల దగ్గర ఇసక మీదికి. ఆ కాస్త వెలుగు కూడా చేపకు పడదు.

నీళ్లలోంచి తాత మెల్లగా అన్నాడు. "అయ్యోరా, లైటు ఘనం చెయ్."

మా జిల్లాలో దీపాన్ని ఆర్పమని అనరు. ఆ మాట ఇంటికి మంచిది కాదు. ఘనం చెయ్యమంటారు. ఘనం అంటే పెద్దది అనే కదా. నేను లైటు తల తిప్పి, వెలుగును చాపలాగా పరిచి, నీళ్ల మీదికి ఎత్తాను.

చేపలు లేచాయి. వల పై నుంచి, మనుషుల భుజాల మీది నుంచి వెండి ముక్కల్లాగా ఎగిరి అవతల పడ్డాయి. అది చూసినవాళ్లెవరూ లేరు. అందరూ తాతను చూస్తున్నారు. వల కట్టే గుంజ ఆయనకు కుడివైపు మూరెడు దూరంలో ఉంది. ఆయన చేయి ఎడమవైపు గాలిలో వెతుకుతోంది. వెలుగు కమ్ముకోగానే ఆ చేయి ఆగిపోయింది. మెల్లగా దాన్ని కిందికి దించుకున్నాడు. నేను లైటు ఆర్పాను. ఆర్పాననే అంటాను, ఆ రోజు చేసిన పనికి వేరే మాట తగదు.

తాత తనంతట తానే నీళ్లలోంచి వచ్చేశాడు. తమ్ముడు వెనకే వచ్చి చేయి పట్టుకున్నాడు. వరిపొలాలోడు, ఘనం అంటే పెద్దది చెయ్యమనుకున్నాడు అని జనం నన్ను చూసి నవ్వారు. నేనూ నవ్వాను. పొరపాటు మాటదేనని అందరూ తేల్చేశారు. ఎన్నో ఏళ్లు ఈ కథను ఒక తమాషాగా చెప్పి నవ్వించాను.

అది పొరపాటు కాదు. మా అమ్మ నోట ఆ మాట పుట్టిన్నాటి నుంచి విన్నాను. దీపం ఘనం చేసి పడుకో నాయనా అనేది రోజూ. తాత అన్న క్షణంలోనే నాకు అర్థమైంది. కాని కొత్త సెల్లులు ఉన్నాయి. ఎనిమిదిమంది మగవాళ్లు ఒకచోట నిలబడి ఉన్నారు. ఆ వెలుగు ఎంత వెడల్పు పరుచుకుంటుందో వాళ్లు ఒక్కసారి చూడాలనిపించింది. మాటకు రెండర్థాలు ఉండటం నాకు దొరికిన సందు.

మూడో రోజుకు గాని చెప్పడానికి ధైర్యం చాల్లేదు. తాత పంచలో తెగిన వల కుట్టుకుంటున్నాడు. తెలిసే చేశాను తాతా అన్నాను. ఆయన దారం పళ్లతో కొరికాడు. "నాకు తెలుసు. తెలవనోడయితే ఎట్టా అని అడగతాడు. నువ్వు అడగలా, తిప్పేసినావు." సూది మళ్లీ వలలోకి దించి అన్నాడు. "లైటు మంచిదే అయ్యోరా. నాగ్గూడా కనపడింది."

తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం బడి దగ్గరికి తమ్ముడు వచ్చాడు. కొట్టడానికే అనుకుని మెట్టు దిగి నిలబడ్డాను. అతను నా వైపు చూడకుండా చెప్పాడు. వాళ్లన్నకు చూపు ఆనదని వాళ్లకు ఏడాదిగా తెలుసట. ఆయన చేయి ఎటు వస్తే గుంజను అటు జరిపి పెట్టేవాళ్లట. మొన్న మాత్రం కొత్తవాడెవడో గుంజ పట్టాడు. ఇంటిల్లిపాదీ తెలియనట్టే ఉన్నారు, అందుకే బండి నడిచింది. "ఇప్పుడు ఊరంతా జూసినారు అయ్యోరా. చూడనట్టు ఎట్టా ఉండేది?"

ముందు నిలిచే స్థానం తమ్ముడికి వచ్చింది. తాత పంచలోనే ఉండిపోయాడు. నా లైట్లు పెట్టెలో ఉన్నాయి. సాయంత్రాలు ఇద్దరం మాట్లాడుకునేవాళ్లం, నీళ్ల దాకా మాత్రం ఎవరం వెళ్లలేదు. నా దగ్గరున్న వాటిలో మేలైన లైటును ఆయనకు ఇచ్చేశానని ఊళ్లో చెప్పుకున్నాను. ఇచ్చింది మిలిటరీది. ఇత్తడిది ఇవ్వడానికి చేయి రాలేదు.

మళ్లీ వంతు వచ్చిన రోజు తమ్ముడే వచ్చి, తాతను చేయి పట్టుకుని గట్టు దాకా నడిపించాడు. నన్ను రమ్మనలేదు, వద్దనీ అనలేదు. వెనకే వెళ్లి తాత పక్కన ఇసకలో కూర్చున్నాను. చేతిలో ఏమీ లేదు. తమ్ముడు మొల దాకా నీళ్లలోకి పోయి, వల సాగకముందు వెనక్కి తిరిగాడు. అందరికీ వినబడేటట్టు అడిగాడు.

"అన్నా, యాడ నిలవమంటావు?"

తాత తల ఒకపక్కకు వాల్చి విన్నాడు. ఎడమకు అన్నాడు. ఇంకా ఎడమకు, పాయ మలుపు కాడికి.

ఆ రోజు వల చినిగేటట్టు చేపలు పడ్డాయని, తట్టలు చాలక పంచెల్లో మూటగట్టారని నేను చాలాచోట్ల చెప్పాను. ఇదే చివరిసారి, ఇక్కడ చెప్పేస్తాను. తాత చెప్పింది తప్పు. గట్టున కూర్చుంటే నీళ్ల చప్పుడు వేరుగా వినబడుతుంది కాబోలు. చేపలు కుడివైపు ఉన్నాయి. నీళ్లు అక్కడ వణకడం నాకే కనబడింది, తమ్ముడికి కనబడకుండా ఉండదు. అతను ఒకసారి కుడివైపు చూశాడు. తర్వాత ఎడమకు నడిచాడు. మిగిలిన ఏడుగురూ అతని వెనక నడిచారు.

వల ఎత్తితే ఒక పూట కూరకు సరిపడా వచ్చాయి. తట్ట ఇసక మీద పెట్టిన చప్పుడును బట్టే తాతకు అది ఎంత ఖాళీయో తెలిసి ఉంటుంది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తమ్ముడు తలగుడ్డ పిండుకుంటూ వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు.

"మళ్లా వంతుకి కొంచెం పెందలాడే వచ్చేద్దాం అన్నా," అన్నాడు. "నీకు ఇనుకునేదానికి టయిం చాల్లా."